శివరాత్రి నుంచి ఉగాది దాకా: తిరుగు ప్రయాణంలో ఉన్న చిరుపిట్టలను ఫోటో తీయడం ఎలా

ఇంగ్లీషులో దొరికే పక్షి ఫోటోగ్రఫీ పాఠాల్లో వసంతం అంటే చిన్న పిట్టలు దక్షిణం నుంచి ఇంటికి తిరిగి వచ్చే కాలం. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. తూర్పు యూరప్‌లో, మధ్య ఆసియాలో, సైబీరియాలో, హిమాలయాల్లో గూళ్లు పెట్టుకునే పిట్టలు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా విడతలు విడతలుగా మన ప్రాంతానికి చేరి, చలికాలమంతా మన తుమ్మచెట్లలో, చెరువుల అంచుల్లో, జొన్నచేలలో గడిపి, ఎండలు ముదిరే వేళకు మళ్లీ ఉత్తరానికి బయలుదేరతాయి. కాబట్టి శివరాత్రికీ ఉగాదికీ మధ్య, ఇంకొంచెం సాగదీస్తే ఏప్రిల్ మధ్య వరకు, తెలంగాణలోనూ రాయలసీమలోనూ జరిగేది సాగనంపడమే.

ఏడాది మొత్తంలో చిరుపిట్టల ఫోటోలకు ఇంతకంటే అనువైన కాలం లేదని నా అభిప్రాయం. మోదుగ, బూరుగ, టేకు చెట్లు ఆకు రాల్చి బోడిగా నిలబడతాయి కాబట్టి డిసెంబరులో ఆకుల చాటున కనిపించకుండా తిరిగిన పిట్ట ఇప్పుడు కొమ్మ మీద విడిగా దొరుకుతుంది. కొన్ని జాతుల మగపిట్టలకు జనవరి నుంచి మార్చి లోపల కొత్త ఈకలు వచ్చి రంగు తేలుతుంది. నవంబరులో గొంతు మీద నాలుగు నీలి మచ్చలతో వెలిసినట్టుండే బ్లూత్రోట్ మార్చి నాటికి నిండు నీలం, కాషాయం పట్టీలతో వేరే పిట్టలా కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఆకలి. వేల కిలోమీటర్ల ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు నింపుకోవాలి కాబట్టి ఈ పిట్టలు పొద్దస్తమానం తింటూనే ఉంటాయి, ఆ తిండి ధ్యాసలో మనిషిని కొంత దగ్గరికి రానిస్తాయి. ఈ మార్గదర్శి అంతా ఆ ఆకలి చుట్టూ, ఆ తరువాత దాహం చుట్టూ తిరుగుతుంది. పిట్ట ఎక్కడుందని వెతకడం కంటే, అది ఏం తింటుంది, ఎక్కడ నీళ్లు తాగుతుంది అని వెతికినవాళ్లకే ఫోటోలు దొరుకుతాయి.

మొదటి పని: ఏ పిట్టను తీయాలో ముందే తేల్చుకోవడం

చిన్న పిట్టలన్నిటినీ ఒకే ఉదయం తీయాలని బయలుదేరితే ఏదీ సరిగా రాదు. ఒక్కో జాతికి కూర్చునే చోటు, ఎత్తు, వేళ వేరు. కనుక ఇంటి దగ్గరే ఒకటి రెండు జాతులను ఎంచుకుని వెళ్లాలి.

కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి పేరు రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్. పిచ్చుక కంటే చిన్నది, తోక మొదట్లో రెండు పక్కలా తెల్లమచ్చలుంటాయి, మగదానికి గొంతు నారింజ రంగులో ఉంటుంది. రెక్కలు కాస్త కిందికి జారవిడిచి, తోక పైకి లేపి, గిలక తిప్పినట్టు "ట్ర్ర్ర్" అని అరుస్తుంది. ఊళ్లోని చింతతోపుల్లో, మామిడి తోటల్లో, నగరంలోని పాత కాలేజీల ఆవరణల్లో కూడా కనిపిస్తుంది. ఒక కొమ్మ మీంచి లేచి పురుగును పట్టి తిరిగి అదే కొమ్మకో పక్క కొమ్మకో వచ్చే అలవాటు ఉండటం వల్ల ఇది మనకు సాధన చేయించే పిట్ట.

గ్రీనిష్ వార్‌బ్లర్ అలా కాదు. బరువు ఏడెనిమిది గ్రాములు, అంటే ఒక పది రూపాయల నాణెమంత. ఒక్క క్షణం కూడా కాలు నిలవదు. హిమాలయాల నుంచి సైబీరియా దాకా గూళ్లు పెట్టే ఈ పిట్ట చలికాలంలో కొన్ని చెట్లను తన సొంతమన్నట్టు పట్టుకుని ఉంటుంది కాబట్టి, నిన్న చూసిన వేపచెట్టులోనే ఈ రోజూ చూసే అవకాశం ఎక్కువ. బ్లిత్స్ రీడ్ వార్‌బ్లర్ పొదల్లో అడుగునే తిరుగుతూ నాలుక తాటించినట్టు "చెక్, చెక్" అంటుంది. వినడం సులువు, చూడటం కష్టం. అయితే వెళ్లిపోయే ముందు, మార్చి చివర్లో, ఏప్రిల్‌లో ఇది తెల్లవారుజామున పాటను సరిచూసుకుంటున్నట్టు పాడుతుంది, ఆ కాసేపు పొద అంచుకు వస్తుంది. లంటానా పొదల్లో, వెదురు గుబురుల్లో దొరికే కామన్ రోజ్‌ఫించ్, జొన్నచేల మీద గుంపులుగా వాలే బ్లాక్ హెడెడ్ బంటింగ్, చెరువుల్లో నీరు వెనక్కి తగ్గిన బురద మీద తోకలాడించే ఎల్లో వాగ్‌టెయిల్, సిట్రిన్ వాగ్‌టెయిల్ కూడా ఈ కాలపు పిట్టలే. వాగ్‌టెయిల్ జాతిని మన పాతవాళ్లు కాటుకపిట్ట అన్నారు. మిగిలిన వాటిలో చాలావాటికి నాకు ఊళ్లలో వినిపించిన పేరు ఒక్కటే, "పిట్ట". అందువల్ల ఇక్కడ ఇంగ్లీషు పేర్లే వాడక తప్పలేదు.

ఏ వారంలో ఏ పిట్ట మీ ప్రాంతంలో ఉంటుందో తెలుసుకోవడానికి ఈబర్డ్‌లో మీ జిల్లా పట్టికను చూడటం అలవాటు చేసుకోవాలి. కార్నెల్ పక్షి పరిశోధనశాల 2002లో మొదలుపెట్టిన ఆ వేదికలో మన దేశపు పక్షి పరిశీలకులు చేర్చిన నమోదులు వారం వారంగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. 1980లో మొదలైన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. వాళ్ల నడకల్లో ఒక ఉదయం తిరిగితే ఫోటోగ్రఫీ పాఠం కంటే ఎక్కువ అబ్బుతుంది, ఎందుకంటే అక్కడ చెవితో వెతకడం నేర్పుతారు.

రెండో పని: చోటును చదవడం

మార్చి మొదట్లో పూతకొచ్చిన చెట్టే మన మొదటి గుర్తు. మోదుగ నిప్పులు చెరిగినట్టు పూసినప్పుడు, బూరుగ ఎర్రటి దొప్పల్లాంటి పూలు విప్పినప్పుడు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, గులాబి గోరింకలు చెట్టు మీద జాతర చేస్తాయి. గోరింకల గుంపును తీయడానికి ఎవరైనా ఆగుతారు. ఆ సందడి కింద, పూల మీద మూగిన పురుగుల కోసం వచ్చే వార్‌బ్లర్‌ను చూడాలంటే పది నిమిషాలు చూపు ఒకే కొమ్మ మీద నిలపాలి. ఉగాది దగ్గరపడే కొద్దీ ఈ రద్దీ వేపకూ కానుగకూ మారుతుంది. పచ్చడికి వేపపూత కోయడానికి చెట్టు కిందికి వెళ్లినప్పుడు తల పైకెత్తి చూడండి, పూత గుత్తుల మధ్య ఆకుపచ్చగా ఏదో కదలడం కనిపిస్తే అది చాలాసార్లు గ్రీనిష్ వార్‌బ్లరే.

చెట్టు కింద నిలబడి పైకి తీసిన ఫోటోలో పిట్ట పొట్ట, దాని వెనక తెల్లటి ఆకాశం తప్ప ఏమీ ఉండదు. దీనికి మన నేల మీదే ఒక చక్కటి ఉపాయం ఉంది. పాత చెరువుల కట్టలు ఎత్తుగా ఉంటాయి, కట్ట దిగువన తుమ్మలు, వేపలు, కానుగలు పెరిగి ఉంటాయి. కట్ట మీద కూర్చుంటే ఆ చెట్ల పైకొమ్మలు మన కంటి ఎత్తుకు వస్తాయి. పిట్ట కళ్లలోకి చూస్తూ తీసినట్టు ఫోటో వస్తుంది, వెనక ఆకాశానికి బదులు దూరపు పొలాల రంగు పరుచుకుంటుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు లాంటి పేరున్న చోట్లకే వెళ్లనక్కరలేదు. మీ ఊరి చెరువుకు కట్ట ఉంటే చాలు.

ఇక నీళ్ల సంగతి. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నా ఫోటోలలో సగం మంచివి నీళ్ల దగ్గరే వచ్చాయి, ఆ విద్య నాకు కెమెరా పట్టనివాడు నేర్పాడు. కొన్నేళ్ల కిందట, మార్చి రెండో వారంలో, వికారాబాద్ వైపు అనంతగిరి అడవి అంచున ఒక వార్‌బ్లర్ వెంట రెండు గంటలు తిరిగాను. మెడ పట్టేసింది, కార్డులో మూడు వందల ఫోటోలు చేరాయి, ఒక్కదానిలోనూ పిట్ట తల, తోక రెండూ లేవు. ఎండిన వాగు ఒడ్డున కూలబడితే మేకలు కాస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "పొద్దటి సంది చెట్లకు మొఖం పెట్టి తిరుగుతున్నవు బిడ్డా. గా చెలమ కాడ కూసో, అన్నీ గాడికే వస్తయ్" అన్నాడు. వాగు ఇసుకలో ఆయనే తోడిన చెలమ అది, బిందె మూతంత వెడల్పు, అరచేయి లోతు నీళ్లు.

తొమ్మిది దాటాక ముందుగా పిగిలిపిట్టలు వచ్చాయి. అవి భయం లేకుండా తాగి రెక్కలు విదిల్చుకుని వెళ్లాక, అప్పటిదాకా పొదలో ఉన్నట్టే తెలియని చిన్నవి ఒక్కొక్కటిగా దిగాయి. ఏదీ నేరుగా నీళ్ల మీదికి రాలేదు. ప్రతి పిట్టా ముందు ఒడ్డున వంగిన ఒక ఎండు వేరు మీద వాలి, కుడికీ ఎడమకూ చూసి, ఆ తరువాతే కిందికి దూకింది. ఫ్లైక్యాచర్ కూడా అదే వేరు మీద వాలింది, నన్ను పొద్దున్నుంచీ ఏడిపించిన వార్‌బ్లర్ కూడా అదే వేరు మీద వాలింది. అయితే నేను తూర్పుకు ముఖం పెట్టి కూర్చున్నాను. ఎండ నేరుగా లెన్స్‌లో పడి ఆ రోజు ఫోటోలన్నీ నల్లటి నీడబొమ్మలయ్యాయి. మర్నాడు మళ్లీ వెళ్లి, ఎండ వీపున పడేలా అవతలి ఒడ్డున కూర్చున్నాను.

ఆ అనుభవం నుంచి తేలిన పద్ధతి ఇది. ఫిబ్రవరి చివర్లోనే ఒకసారి కెమెరా లేకుండా వెళ్లి వాగుల్లో, గుట్టల అంచుల్లో ఇంకా తడి ఉన్న చోట్లు గుర్తుపెట్టుకోవాలి. నీటి చుట్టూ పిట్ట ఆగే మెట్టు లాంటి కొమ్మ, వేరు లేదా రాయి ఏదో చూసుకోవాలి. ఉదయం ఎండ మీ వీపున పడేలా, ఆ కొమ్మకు ఆరు నుంచి ఎనిమిది మీటర్ల దూరంలో, మీ వెనక ఒక పొద ఉండేలా కూర్చునే చోటు ఎంచుకోవాలి. వీపు వెనక ఖాళీ ఆకాశం ఉంటే మీరు ఎంత కదలకుండా కూర్చున్నా మీ తల ఆకారం పిట్టకు కనిపిస్తుంది. తెల్లచొక్కా వద్దు, మాసిన ఖాకీయో బూడిద రంగో చాలు. బజారులో అమ్మే ఆకుల బొమ్మల బట్టలకు డబ్బు తగలేయనవసరం లేదు. పిట్ట రంగును క్షమిస్తుంది, కదలికను క్షమించదు.

వేళ గురించి ఒక మాట. పక్షుల ఫోటోలకు తెల్లవారిన మొదటి రెండు గంటలే సరైనవని అందరూ చెప్తారు. తిండి వెతికే పిట్టల విషయంలో అది నిజం. మార్చి మొదట్లో హైదరాబాద్‌లో సూర్యోదయం ఆరున్నర దాటాకే కాబట్టి, ఆరింటికి చోటు చేరి ఎనిమిదిన్నర దాకా చెట్ల దగ్గర ఉండటం మంచిది. కానీ నీళ్ల దగ్గర రద్దీ ఎండ ఎక్కాకే మొదలవుతుంది. వాగు లోతుగా ఉండి ఒడ్డున చెట్లుంటే పదింటికి కూడా అక్కడ వెలుగు మెత్తగానే ఉంటుంది. అందరూ కెమెరా సర్దుకుని ఇడ్లీలకు బయలుదేరే సమయానికి చెలమ దగ్గర పని మొదలవుతుందన్నమాట.

అభయారణ్యాల్లోకి వెళ్లేటప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఫోటోలకు అనుమతి కావాలి, గేటు దగ్గరే అడగాలి. నల్లమల లాంటి అడవుల్లో ఇప్పపూలు రాలే చోట తెల్లవారుజామున ఒంటరిగా నేల మీద కూర్చోవద్దు. ఆ పూల కోసం ఎలుగుబంట్లు కూడా అదే వేళకు వస్తాయి. మేకలు తిరిగే గడ్డిలో పిడుదులుంటాయి, ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోవాలి.

మూడో పని: పరికరం, దాని హద్దు

ఈ పిట్టలకు లెన్స్ 400 మిల్లీమీటర్లు కనీసం, 500 నుంచి 600 సుఖం. నైకాన్ 200–500, సోనీ 200–600, సిగ్మా, టామ్రాన్ కంపెనీల 150–600 జూమ్‌లు మన దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి, సెకండ్‌హ్యాండ్‌లో కూడా దొరుకుతాయి. రెండు కిలోల పైచిలుకు బరువును గంటసేపు చేత్తో పట్టుకోలేరు కాబట్టి ఒక మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) గానీ, కూర్చున్నప్పుడు మోకాలి ఆసరా గానీ కావాలి. నైకాన్ పీ900, పీ950 లాంటి బ్రిడ్జ్ కెమెరాలతో (లెన్స్ విడిగా మార్చలేనివి) కూడా ఎండలో, కదలని పిట్ట మీద మంచి ఫోటోలు వస్తాయి. నీడలో, కదిలే పిట్ట మీద అవి చేతులెత్తేస్తాయి.

కొత్త లెన్స్ కొనే ముందు ఈ చిన్న లెక్క వేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. పదకొండు సెంటీమీటర్ల వార్‌బ్లర్ ఆరు మీటర్ల దూరంలో ఉంటే, 500 మిల్లీమీటర్ల లెన్స్ దాన్ని సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద సుమారు పది మిల్లీమీటర్ల బొమ్మగా వేస్తుంది. చాలా కెమెరాల్లో ఉండే ఏపీఎస్‌సీ సైజు సెన్సర్ వెడల్పు ఇరవై మూడున్నర మిల్లీమీటర్లే కనుక ఫ్రేములో నూటికి నలభై పైచిలుకు వెడల్పు పిట్టే నిండుతుంది. అదే పిట్ట పన్నెండు మీటర్ల దూరంలో ఉంటే బొమ్మ ఐదు మిల్లీమీటర్ల లోపు, అంటే ఫ్రేములో అయిదో వంతు. లక్ష రూపాయలు పెట్టి లెన్స్ మార్చినా ఆరు మీటర్ల దగ్గరితనానికి సాటి రాదు, ఆ దగ్గరితనం మాత్రం ఓపికగా కూర్చుంటే ఉచితంగా వస్తుంది.

దగ్గరితనానికి ఒక మూల్యం ఉంది. అదే లెన్స్‌తో, ఎఫ్ 6.3 అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే లెన్స్ రంధ్రం) దగ్గర, ఆరు మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు మూడున్నర సెంటీమీటర్లకు మించదు. కన్ను మీద ఫోకస్ కుదిరినా, పిట్ట మనవైపు తిరిగి కూర్చుంటే తోక మసకబారుతుంది. పక్కకు తిరిగి కూర్చున్నప్పుడు తీస్తే ముక్కు నుంచి తోక దాకా పదునుగా వస్తుంది.

నాలుగో పని: కెమెరాను ముందే సిద్ధం చేయడం

పిట్ట వచ్చాక డయల్ తిప్పే తీరిక ఉండదు. నేను మాన్యువల్ మోడ్‌లో షట్టర్ స్పీడ్, అపర్చర్ ఖాయం చేసి, ఐఎస్ఓను, అంటే వెలుగుకు సెన్సర్ స్పందించే మోతాదును, ఆటోకు వదిలేస్తాను. అపర్చర్ లెన్స్ ఇచ్చినంత తెరిచి ఉంచాలి. షట్టర్ స్పీడ్ ఆకుల్లో గెంతే వార్‌బ్లర్‌కు 1/1600 సెకను, కొమ్మ మీద కూర్చున్న ఫ్లైక్యాచర్‌కు 1/800, ఎగిరే క్షణం కావాలంటే 1/2500. ఉదయపు ఏటవాలు ఎండలో ఇవి ఐఎస్ఓ 500, 1000 మధ్య తేలుతాయి. చెలమ దగ్గరి నీడలో 3200 దాకా, ఒక్కోసారి 6400 దాకా వెళ్తాయి. ఐఎస్ఓ పెరుగుతుందని భయపడి షట్టర్ తగ్గించడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. గరుకుదనాన్ని తరువాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన పిట్టను ఏ సాఫ్ట్‌వేరూ నిలబెట్టలేదు.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్ మీద, అంటే ఫోటో వెలుగును పెంచి తగ్గించే చక్రం మీద, బొటనవేలు ఎప్పుడూ ఉండాలి. ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం. పిట్ట వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు పెంచాలి, లేకపోతే పిట్ట బొగ్గుముక్కలా వస్తుంది. వెనక చీకటి పొద ఉండి, పసుపు తల సిట్రిన్ వాగ్‌టెయిల్ ఎండలో ఉంటే స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించాలి, లేకపోతే ఆ పసుపులో ఈకల గీతలు మాయమవుతాయి. హిస్టోగ్రామ్ (ఫోటోలోని వెలుగునీడలను చూపే పటం) కుడి అంచు గోడకు గుద్దుకోకుండా చూసుకుంటే చాలు. ఫైలు రా (RAW) రూపంలో, అంటే కెమెరా మార్పులు చేయని మూల రూపంలో, ఉంచండి.

ఫోకస్ విషయంలో కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లోని ఐ డిటెక్షన్, అంటే పిట్ట కన్నును తానే గుర్తుపట్టి ఫోకస్ చేసే ఏర్పాటు, వరమే. అయితే చిక్కటి రెమ్మల వెనక ఉన్న వార్‌బ్లర్ దగ్గర అది ముందున్న ఆకును పట్టుకుని వదలదు. అలాంటప్పుడు ఒకే చిన్న ఫోకస్ బిందువుకు మార్చుకునే మీట ఒకటి వేలి కింద ఏర్పాటు చేసుకోవాలి. ఫోకస్‌ను షట్టర్ మీట నుంచి విడదీసి వెనక మీటకు అప్పగించడం, అంటే బ్యాక్ బటన్ ఫోకస్, చెలమ దగ్గర చాలా పనికొస్తుంది. ఆ వేరు మీద ముందే ఫోకస్ పెట్టి వేలు తీసేస్తే, పిట్ట వాలిన క్షణాన నొక్కడమే మిగులుతుంది.

అయిదో పని: కూర్చోవడం, తీయడం

చోటు చేరగానే కెమెరా ఎత్తవద్దు. మొదటి ఇరవై నిమిషాలు మీ రాక వల్ల చెదిరిన పిట్టలు తిరిగి కుదురుకోవడానికి వదిలేయండి, ఆ లోపల చెవితో లెక్కపెట్టండి. గ్రీనిష్ వార్‌బ్లర్ రెండక్షరాల పిలుపు ఏ చెట్టు నుంచి వస్తోంది, ఎన్ని నిమిషాలకు ఒకసారి దగ్గరికి వస్తోంది అని చూస్తే దాని తిరుగుడుకు ఒక చుట్టు ఉందని అర్థమవుతుంది. ఆ చుట్టులో కాస్త ఖాళీగా, రెమ్మలు తక్కువగా ఉన్న కొమ్మ ఎక్కడుందో అక్కడికి లెన్స్ గురిపెట్టి ఉండాలి.

ఫ్లైక్యాచర్ దగ్గర గమనించవలసిన సూచన తల కదలిక. పురుగును చూసినప్పుడు అది తల ఒక పక్కకు వంచి, ఒంటిని కాస్త ముందుకు వాల్చి, ఒక రెప్పపాటు ఆగుతుంది. ఆ ఆగడం చూసి బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసే పద్ధతి) నొక్కితే ఎగిరే మొదటి ఫ్రేము దొరుకుతుంది, ఎగిరాక నొక్కితే ఖాళీ కొమ్మ దొరుకుతుంది. అది ఎగిరిన వెంటనే దాని వెంట లెన్స్ తిప్పకుండా ఖాళీ కొమ్మ మీదే ఉంచండి. పురుగు నోట కరుచుకుని తిరిగి వచ్చిన ఫోటోకు ఈ ఒక్క నిగ్రహమే మూలం.

వాగ్‌టెయిల్స్‌కు పడుకోవలసిందే. ఒక గోనెసంచో పాత దుప్పటో పరిచి, నీటి అంచున బోర్లా పడుకుని, లెన్స్‌ను నేలకు జానెడు ఎత్తులో పెడితే పిట్ట వెనక బురద బదులు నీటి మెరుపు వస్తుంది. గేదెలు మేసే చోట ఎల్లో వాగ్‌టెయిల్స్ వాటి కాళ్ల మధ్యే తిరుగుతాయి, గేదె అడుగు వేస్తే లేచే ఈగలు వాటి తిండి. కాబట్టి పిట్ట వైపు పాకవద్దు, గేదె ఎటు నడుస్తోందో చూసి ఆ దారిలో ముందే పడుకుంటే పిట్టలే మీ మీదికి నడుచుకుంటూ వస్తాయి. గేదెను కాసే మనిషికి ముందు ఒక మాట చెప్పి పడుకోవడం మంచిది, లేకపోతే బురదలో బోర్లా పడిన మనిషిని చూసి ఆయన కంగారుపడతాడు.

జొన్నచేల బంటింగులు మనిషిని చూస్తే గుంపంతా లేచిపోతాయి, కారును చూస్తే లేవవు. నంద్యాల జిల్లాలో రోళ్లపాడు చుట్టుపక్కల పొలాల బాటల్లో, కారు కిటికీ మీద జొన్నలో బియ్యమో పోసి కుట్టిన సంచి వేసి, దాని మీద లెన్స్ ఆనించి తీయవచ్చు. ఇంజను ఆపేయాలి, ఆ వణుకు ఫోటోలోకి వస్తుంది. కోత అయిపోయిన చేనును వదలవద్దు, కల్లం దగ్గర రాలిన గింజల కోసం బంటింగులు పక్కనున్న తుమ్మ మీద వరుసగా కూర్చుంటాయి. తొమ్మిదిన్నర దాటితే నేల వేడెక్కి గాలి అలలు లేస్తాయి. దూరం నుంచి తీసిన ఫోటో నీళ్లలోంచి చూసినట్టు కరిగిపోతుంది. ఫోకస్ తప్పిందేమోనని లెన్స్‌ను రిపేరుకు తీసుకెళ్లినవాళ్లు నాకు తెలుసు. అది లెన్స్ తప్పు కాదు, వేడి తప్పు. ఇంటికి వెళ్లడం ఒక్కటే మందు.

చేయకూడనివి ఒకటి రెండు

ఫోనులో పిట్ట కూత పెట్టి రప్పించడం ఈ కాలంలో అస్సలు వద్దు. పది రూపాయల నాణెమంత బరువున్న ప్రాణి తన చెట్టులోకి ఎవరో వచ్చారనుకుని తిండి మాని గంటసేపు కొట్లాటకు తిరుగుతుంది. ప్రయాణానికి దాచుకోవలసిన కొవ్వు అక్కడ కరుగుతుంది. పురుగులు తెచ్చి ఎర వేయడం, చెలమ చుట్టూ పొదలు నరికి వెనకభాగం శుభ్రం చేయడం కూడా అంతే. పిట్ట నీళ్ల కోసం వచ్చి మిమ్మల్ని చూసి పదేపదే వెనక్కి పోతుంటే మీరు దగ్గరగా కూర్చున్నారని అర్థం, ఇంకో నాలుగు మీటర్లు వెనక్కి జరగాలి. మేకలు నీళ్లకు వచ్చే వేళకు లేచి దారి వదలాలి, చెలమ తోడింది మన కోసం కాదు కదా.

ఆరో పని: ఇంటికి వచ్చాక

మొదటి వడపోతలో కన్ను పదునుగా లేని ఫోటోలన్నీ తీసేస్తాను. తరువాత ఆగుతాను. వార్‌బ్లర్‌ల విషయంలో అందంగా లేని ఫోటో కూడా ఒక్కోసారి విలువైనది. ఏ జాతో తేల్చేది దాని ముఖం ఒక్కటే కాదు. కంటిపైనున్న లేత గీత కన్ను దాటి ఎంత దూరం వెళ్లింది, రెక్క మీద సన్నటి తెల్లగీత ఉందా, తోక చివర గుండ్రంగా ఉందా చదరంగా ఉందా, ముడిచిన రెక్క కొన ఎంత బయటికి వచ్చింది అనేవి చూడాలి. గ్రీనిష్ వార్‌బ్లర్‌కు సాధారణంగా ఒక సన్నటి రెక్క గీత ఉంటుంది, బ్లిత్స్ రీడ్ వార్‌బ్లర్‌కు అది ఉండదు, తోక గుండ్రంగా ఉంటుంది. రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్‌కూ దాని దగ్గరి బంధువు టైగా ఫ్లైక్యాచర్‌కూ తేడా తెలియాలంటే తోక మొదలు పైన కప్పిన ఈకలు, ముక్కు కింది భాగం చూడాలి. టైగాకు ఆ ఈకలు నల్లగా, ముక్కు మొత్తం ముదురుగా ఉంటుంది. రెడ్ బ్రెస్టెడ్‌కు ముక్కు కింది భాగం మొదట్లో లేత రంగు కనిపిస్తుంది. అందుకే పొలంలో ఉన్నప్పుడే, అందమైన భంగిమ కోసం ఎదురుచూసే ముందు, పక్క నుంచి ఒకటి, వీపు వైపు నుంచి ఒకటి తీసి ఉంచుకోవాలి.

క్రాప్ చేసేటప్పుడు పిట్ట చూసే వైపు ఖాళీ ఎక్కువ వదలండి. గరుకు తగ్గించే సాధనాన్ని వెనకభాగం మీద గట్టిగా, పిట్ట మీద తేలికగా వాడండి. రెండు చోట్లా ఒకే మోతాదు వేస్తే ఈకలు మైనపు బొమ్మలా నున్నబడతాయి. రంగు పెంచవద్దు, ముఖ్యంగా బ్లూత్రోట్ నీలం. అది ఉన్నదే నమ్మలేనంత నీలం.

చివరగా, చాలామంది మరిచిపోయే పని. సీజను మొదట్లోనే కెమెరా గడియారాన్ని, తేదీని సరిచేసుకోండి. 2007లో మన దేశంలో మైగ్రంట్‌వాచ్ అనే కార్యక్రమం మొదలైనప్పుడు జనాన్ని అడిగింది ముఖ్యంగా వలస పిట్టల గురించే: ఈ పిట్టను మొదట ఏ రోజు చూశారు, చివరిగా ఏ రోజు చూశారు. తరువాత ఆ నమోదులు ఈబర్డ్‌లో కలిశాయి. మొదటి రోజు చెప్పడం సులువు, అందరూ ఉత్సాహంగా రాస్తారు. చివరి రోజు తెలియాలంటే, పిట్ట ఇక కనిపించడం లేదని తేలాక వెనక్కి వెళ్లి వెతకాలి. నా వేపచెట్టులో గ్రీనిష్ వార్‌బ్లర్ వెళ్లిపోయిన తేదీలు నాకు తెలిసింది అలాగే, ఏప్రిల్ నెలాఖరున పాత ఫోల్డర్లు తెరిచి, మసకగా వచ్చినందుకు తీసేయబోయిన ఫోటోల మీది తేదీలు చూసి.